మాదకద్రవ్యాలు: ఏ మాట నమ్మాలి, ఎక్కడ వెతకాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1981 పదో తరగతి బ్యాచ్. మన హైస్కూల్లో అప్పట్లో లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గారి గది పక్కన రెండు బీరువాలు. తాళం తెలుగు మేస్టారి దగ్గర ఉండేది. పుస్తకం అడిగితే ఆయన వెంటనే ఇచ్చేవారు కాదు. "ఎందుకురా? ఏం తెలుసుకోవాలని?" అని అడిగేవారు. జవాబు చెప్పాకే తాళం తీసేవారు. అప్పుడు విసుగొచ్చేది. తర్వాత ముప్పై రెండేళ్లు వైద్య కళాశాల లైబ్రరీలో ఉద్యోగం చేశాను. నా దగ్గరికొచ్చిన ప్రతి విద్యార్థినీ నేను అడిగింది ఆ ప్రశ్నే. ఏం తెలుసుకోవాలో తేల్చుకోకుండా ఎక్కడ వెతకాలో తెలియదు.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "పిల్లలకు మాదకద్రవ్యాల గురించి నాలుగు మాటలు చెప్పాలి మేస్టారూ" అన్నారు. నేను డాక్టర్ని కాదు, పోలీసుని కాదు, ఆ మందుల గురించి నాకు సొంతంగా తెలిసింది తక్కువ అన్నాను. "మీకు తెలిసిందే చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే. ఒక సమాచారం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చింది అని వెనక్కి నడుచుకుంటూ వెళ్లడం. ఇవాళ ఆ సంగతే చెబుతాను. దానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు జరిగింది ఈ ప్రాంగణంలోనే.

2016లో మన పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక కరపత్రం పంచాం. మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ ఉండొచ్చు. పసుపు కాగితం, ఒక పక్కనే అచ్చు. "మీ బిడ్డ మత్తుకు బానిసయ్యాడా? పది గుర్తులు" అని పైన పెద్ద అక్షరాలు. కళ్లు ఎర్రబడటం, బరువు తగ్గడం, పగలు నిద్ర, ఒంటరిగా ఉండటం, డబ్బు అడగటం, చదువు మీద శ్రద్ధ పోవడం, ఇలా పది. కింద ఒక శాతం, మన రాష్ట్రంలో ఇంతమంది విద్యార్థులు బానిసలయ్యారని. ఆ అంకె ఇప్పుడు చెప్పను. చెబితే రేపటికి మళ్లీ ప్రచారంలోకి వస్తుంది.

ఆ కరపత్రం తయారు చేసింది నేనే. వేరే చోట చూసిన కాగితం నుంచి ఎత్తి రాశాను. లైబ్రేరియన్ని కదా, నేను రాస్తే సరిగ్గానే ఉంటుందని కమిటీ వాళ్లు చదవకుండానే అచ్చుకిచ్చారు. నేనూ పరిశీలించకుండానే ఇచ్చాను. మంచి పనికే కదా అనుకున్నాను.

మా బ్యాచ్ మిత్రుడొకాయన ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లారు. పేరు చెప్పను. ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయన చెప్పమంటేనే చెబుతున్నాను. వాళ్లబ్బాయి అప్పుడు విశాఖలో ఇంజనీరింగు రెండో ఏడు. సెలవులకు ఇంటికొచ్చిన కుర్రాడు చిక్కిపోయి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా లేవడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. రెండుసార్లు డబ్బు అడిగాడు, దేనికో సరిగ్గా చెప్పలేదు. తండ్రి రాత్రి పూట కాగితం తీసి పెన్నుతో టిక్కులు పెట్టుకున్నారు. మర్నాడు నాకు ఫోన్. "ఒరే, మా గుంటడికి పదిట్లో ఏడున్నాయిరా" అన్నాడు. గొంతు వణుకుతోంది. నేనేమన్నానో నాకిప్పటికీ గుర్తే. "ఆలస్యం చెయ్యకురా" అన్నాను.

వాడు ఆలస్యం చెయ్యలేదు. కాలేజీ మాన్పించి ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాడు. కుర్రాడు "నేనేం తాగలేదు నాన్నా" అంటే, అలా అనడం కూడా జబ్బు లక్షణమేనని అక్కడివాళ్లు చెప్పారట. ఇరవై నాలుగు రోజులున్నాడు. దగ్గు ఆగడం లేదని చూడటానికి వెళ్లిన మేనమామ గొడవపడి బయటికి తీసుకొచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించాడు. క్షయ. డబ్బు అడిగింది బయట క్లినిక్కులో దగ్గు మందుల కోసం. రాత్రుళ్లు దగ్గు, చెమటలు, అందుకే పగటి నిద్ర, ఎర్రటి కళ్లు. ఎవరితో చెప్పినా హాస్టలు నుంచి పంపేస్తారని భయపడి చెప్పలేదు.

ఆరు నెలలు మందులు వాడాడు, తగ్గింది. ఒక విద్యా సంవత్సరం పోయింది. అంతకన్నా పెద్ద నష్టం, తండ్రితో రెండేళ్లు మాట్లాడలేదు.

ఆ పది గుర్తుల్లో అబద్ధం ఒక్కటీ లేదు. మత్తుకు అలవాటు పడినవాళ్లలో అవి కనిపిస్తాయి. కానీ క్షయలోనూ కనిపిస్తాయి, థైరాయిడు జబ్బులో కనిపిస్తాయి, మానసిక కుంగుబాటులో కనిపిస్తాయి, పరీక్ష తప్పిన కుర్రాడిలోనూ కనిపిస్తాయి. నేను అచ్చు వేయించింది సూచనలు. వాడు చదివింది రుజువులుగా. ఆ రెండింటికీ ఉన్న తేడా చెప్పాల్సిన మనిషిని నేను, చెప్పలేదు.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, ఆ కరపత్రంలోని శాతం ఎక్కడిదో వెతకడం. నేను ఎత్తి రాసిన కాగితం ఒక పత్రిక వ్యాసం నుంచి తీసుకుంది. ఆ వ్యాసం ఒక సభలో ఎవరో వక్త అన్న మాట నుంచి తీసుకుంది. ఆ వక్తకు ఎవరు చెప్పారో లేదు. అక్కడితో దారి ఆగిపోయింది. ఎవరూ లెక్కపెట్టని అంకెను మనం రెండు వేల కాగితాల మీద అచ్చు వేసి పంచాం.

ఇది మన పల్లెటూరి సంఘానికే జరిగిన పొరపాటు అనుకోకండి. 1980 జనవరిలో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పెద్ద వైద్య పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. ఐదే వాక్యాలు. ఆసుపత్రిలో ఉండగా నల్లమందు జాతి నొప్పి మందులు ఇచ్చిన 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు అలవాటు లేనివాళ్లలో కొత్తగా బానిసలైనవారు నలుగురే కనిపించారని అందులో రాశారు. అది ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా కొద్ది రోజులు మందు తీసుకున్నవాళ్ల సంగతి. ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి మింగినవాళ్ల సంగతి కాదు. 2017లో కెనడా పరిశోధకులు ఆ ఉత్తరాన్ని ఎవరెవరు ఉదహరించారో వెతికారు. 608 చోట్ల కనిపించింది. అందులో 439 చోట్ల, ఈ మందులకు బానిసవడం అరుదు అనడానికి సాక్ష్యంగా వాడుకున్నారు. 491 చోట్ల వాళ్లు ఆసుపత్రిలో ఉన్న రోగులన్న మాటే రాయలేదు. ఈలోగా అమెరికాలో ఆ మందులు విచ్చలవిడిగా రాశారు. లక్షల మంది బానిసలయ్యారు. మాత్రలు దొరకనప్పుడు చాలామంది హెరాయిన్ వైపు వెళ్లారు. ఆ విపత్తుకు ఐదు వాక్యాల ఉత్తరం ఒక్కటే కారణం కాదు. కానీ మూలం తెరిచి చదివి ఉంటే, అది ఆసుపత్రి రోగుల సంగతేనని ఎవరికైనా ఐదు నిమిషాల్లో తెలిసేది.

మన దేశంలోదే ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో గంజాయి వాడకం మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. అనేక సంపుటాలు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వాటిని అంతర్జాలంలో ఉచితంగా పెట్టింది, ఎవరైనా చదవొచ్చు. అప్పట్లో అందరి నోటా ఉన్న మాట, పిచ్చాసుపత్రులు గంజాయి తాగినవాళ్లతో నిండిపోతున్నాయని. ఆసుపత్రి లెక్కలే అలా చెబుతున్నాయి కదా అనేవారు. కమిషన్ ఏం చేసిందంటే, ఆ లెక్కలు నమ్మకుండా ఒక్కో రోగి కాగితం తెప్పించి చూసింది. రిజిస్టరులో "కారణం" అని ఒక గడి ఉండేది. రోగిని తెచ్చిన పోలీసు కాగితంలో ఏముంటే అదే ఆ గడిలోకి ఎక్కేది. మనిషి గంజాయి తాగుతాడని తెలిస్తే చాలు, పిచ్చికి కారణం గంజాయి అని రాసేసేవారు. 1892లో గంజాయి జాతి మత్తు వల్లే అని రాసిన 222 కేసులను విచారిస్తే, కాస్తయినా నిలబడినవి 98. మిగతావి గుమస్తా కలం పుట్టించినవి.

అంటే గంజాయి మంచిదని నేను అనడం లేదు. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవారికి తీవ్ర మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుందని తర్వాతి కాలంలో జరిగిన పరిశోధనలు చూపించాయి. ఆ కమిషన్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. అప్పటి ప్రభుత్వానికి గంజాయి మీద ఎక్సైజు ఆదాయం ఉండేది. చెప్పేవాడికి దానిలో లాభం ఏమిటి అన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్నే. కానీ వాళ్లు చేసిన ఆ ఒక్క పని మనం నేర్చుకోవాలి. రిజిస్టరు చూడటంతో ఆగలేదు, ఆ గడి ఎవరు నింపారు, ఏం చూసి నింపారు అని అడిగారు.

సరే, ఇప్పుడు టీచర్లకు, పరిశోధన చేసే పిల్లలకు పనికొచ్చే సంగతికి వద్దాం. తెలుగు మేస్టారి ప్రశ్నతోనే మొదలుపెడదాం. ఏం తెలుసుకోవాలని?

దేశంలో ఎంతమంది వాడుతున్నారో తెలుసుకోవాలంటే దానికి ఇంటింటి సర్వే కావాలి. మన దేశంలో అలాంటిది కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తరఫున ఎయిమ్స్ వారి జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం 2018లో చేసి, 2019 ఫిబ్రవరిలో ప్రచురించింది. రెండు లక్షల పైచిలుకు ఇళ్లు, నాలుగు లక్షల డెబ్బై మూడు వేల పైచిలుకు మనుషులు. మత్తు వాడేవాడు ఇంటికొచ్చిన ఉద్యోగికి నిజం చెప్పడు కాబట్టి, దానితో పాటు వాడేవాళ్ల ద్వారానే వాళ్లకు తెలిసిన మరికొందరిని కలుస్తూ 72 వేల పైచిలుకు మందిని విడిగా విచారించారు. అందులో తేలింది ఏమిటంటే, 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్లు. గంజాయి, భంగు, చరస్ అన్నీ కలిపి 2.8 శాతం. నల్లమందు జాతి మత్తు 2.1 శాతం. సినిమాల్లో, టీవీల్లో ఎక్కువగా వినిపించే కొకైన్ 0.1 శాతం.

టీచర్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. వైట్‌నరు, జిగురు లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో 1.17 శాతం ఉంది. పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువ. అవి చట్టం ప్రకారం మాదకద్రవ్యాలు కావు, స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. మనం స్కూలు గేటు బయట కొకైన్ కోసం వెతుకుతుంటే, మన కళ్లు కప్పి జరిగేది పెన్నుల డబ్బాలో జరగొచ్చు. సరైన లెక్క చూడకపోతే కాపలా తప్పు గుమ్మం దగ్గర పెడతాం.

ఈ సర్వేకీ పరిమితులున్నాయి. అది 2018 నాటి చిత్రం. ఇవాళ్టికి అదే నిజమని చెప్పకూడదు. "2018 సర్వే ప్రకారం" అని ఏడాది చేర్చి చెప్పాలి. ఏడాది లేని అంకెను తేదీ లేని చెక్కులా చూడండి.

ఎంత పట్టుబడింది, ఎన్ని కేసులు పెట్టారు అని తెలుసుకోవాలంటే వేరే చోటుకి వెళ్లాలి. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో వార్షిక నివేదిక, నేర గణాంక సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే "క్రైమ్ ఇన్ ఇండియా". ప్రపంచం సంగతికి ఐక్యరాజ్యసమితి సంస్థ ఏటా జూన్ 26 ప్రాంతంలో తెచ్చే ప్రపంచ మాదకద్రవ్యాల నివేదిక. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్కల్లో ఎక్కువ భాగం పోలీసులు ఎంత పని చేశారో చెబుతాయి, జనం ఎంత వాడారో చెప్పవు. ఒక జిల్లాలో కొత్త ఎస్పీ వచ్చి గట్టిగా తనిఖీలు పెడితే కేసులు పెరుగుతాయి. దాన్ని చూసి ఆ జిల్లాలో వాడకం పెరిగిందని రాస్తే తప్పు.

మనకు దగ్గరి ఉదాహరణే చెబుతాను. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టారు. ఆ పొగ గురించి మన ఊళ్లోనూ నెల రోజులు చెప్పుకున్నారు. అంత గంజాయి దొరికిందంటే మన పిల్లలంతా దానికి అలవాటు పడ్డారని మా బంధువొకాయన హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మరీ బాధపడ్డాడు. ఏజెన్సీలో పండిన సరుకులో చాలావరకు బయటి రాష్ట్రాలకు పోతుంది. మన దారి మీద దొరికిన సరుకు, మన ఊళ్లో కాలిన సరుకు ఒకటి కాదు. మరో సంగతి, ఆ వార్తల్లో కిలోలు కాటా మీద తూచినవి, కోట్ల రూపాయలు ఊహించి వేసినవి. కొండ మీద ఒక ధర, మహానగరంలో చిన్న పొట్లం ధర ఇంకొకటి. ఏ ధరతో గుణించారో చెప్పని కోట్లను లెక్కలోకి తీసుకోకండి.

2024 మార్చిలో విశాఖ పోర్టు కంటైనరు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఇరవై ఐదు వేల కిలోల ఎండు ఈస్టు. అక్కడికక్కడే చేసిన ప్రాథమిక పరీక్షలో మాదకద్రవ్యాల ఆనవాళ్లు కనిపించాయన్నారు. అంతే, ఇరవై ఐదు వేల కిలోల డ్రగ్స్ అని పతాక శీర్షికలు. ఎన్నికల రోజులు, ఆ పార్టీ దన్నారు, ఈ పార్టీ దన్నారు. ప్రయోగశాల పరీక్షల్లో మాదకద్రవ్యాలేవీ లేవని తేలినట్టు ఆ ఏడాది చివర్లో వార్త వచ్చింది. మొదటి వార్త చూసినవాళ్లు చేతులెత్తండి అంటే అందరూ ఎత్తుతారు. రెండో వార్త చూసినవాళ్లు? అదిగో, ముగ్గురో నలుగురో. ప్రాథమిక పరీక్ష చేసినవాళ్లది తప్పు కాదు. ఆ పరీక్ష ఉన్నదే అనుమానం ఉందో లేదో చెప్పడానికి. మూత్ర పరీక్ష కిట్టు కూడా అంతే. కొన్ని మామూలు మందులు వాడినా అది ఉన్నట్టు చూపించొచ్చు. అందుకే ప్రయోగశాలలో నిర్ధారణ పరీక్ష అని రెండోది ఉంటుంది. సూచనను రుజువుగా చదివితే కంటైనరుకు జరిగింది చూశారు, మనిషికి జరిగింది ఇందాక విన్నారు.

చట్టం ఏమంటుందో తెలుసుకోవాలంటే సినిమాలు, వాట్సాప్ సందేశాలు వద్దు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూర్తి పాఠం ప్రభుత్వం వారి ఇండియా కోడ్‌లో ఉచితంగా ఉంది. అందులో గంజాయి అంటే ఏమిటో నిర్వచనం ఉంది. గంజాయికి చిన్న మొత్తం అంటే కిలో, వాణిజ్య మొత్తం అంటే ఇరవై కిలోలు అని ప్రకటనలో ఉంది. హెరాయిన్‌కి అవి ఐదు గ్రాములు, రెండు వందల యాభై గ్రాములు. "స్నేహితుడు ఇచ్చిన సంచీ మోశాను, అంతే" అనే కుర్రాళ్లకు ఇరవై కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లని తెలియదు. అలాగే తల్లిదండ్రులకు తెలియని సెక్షను 64ఎ ఒకటుంది. వ్యసనానికి లోనైన మనిషి వాడకం కేసులోనో, చిన్న మొత్తం కేసులోనో ఇరుక్కుంటే, స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే, ఆ చికిత్స పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షను అది. ఆసుపత్రికి తీసుకెళ్తే జైలుకి పంపుతారని భయపడి ఇంట్లో తాళం వేసి ఉంచిన తల్లులున్నారు. వాళ్లకు ఆ సెక్షను గురించి చెప్పినవాళ్లు లేరు.

ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఒక్క పరిశోధన పట్టుకుని ఊగిపోకూడదు. 2002లో సైన్స్ అనే ప్రపంచ ప్రసిద్ధ పత్రికలో ఎక్‌స్టసీ గురించి ఒక పరిశోధన వచ్చింది. ఒక్క రాత్రిలో వాడే మోతాదుకే కోతుల మెదడు దారుణంగా దెబ్బతిందని. ప్రపంచమంతా మోగిపోయింది. ఏడాది తర్వాత, 2003 సెప్టెంబరులో ఆ పరిశోధకులే దాన్ని వెనక్కి తీసుకున్నారు. సీసాల మీద చీటీలు మారిపోయాయి. కోతులకు ఇచ్చింది ఎక్‌స్టసీ కాదు, మెథాంఫెటమిన్. ఇది విని "అయితే సైన్సూ అబద్ధమే" అనుకోకండి. నేను చెప్పేది దానికి వ్యతిరేకం. తప్పు బయటపడితే అదే పత్రికలో, అందరికీ కనిపించేలా ఒప్పుకున్నారు. మంచి మూలానికి అది గుర్తు. ఎన్నడూ తప్పు ఒప్పుకోని చోటును నమ్మకండి. అందుకే ఒక్క వ్యాసం మీద ఆధారపడకుండా, అనేక పరిశోధనలను కలిపి బేరీజు వేసిన సమీక్షలు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థవీ, ఎయిమ్స్ కేంద్రంవీ వైద్యుల కోసం రాసిన పుస్తకాలున్నాయి.

మాట కూడా చూసుకోవాలి. ఎన్‌సీఆర్‌బీ ఆత్మహత్యల లెక్కల్లో "మాదకద్రవ్యాలు లేదా మద్య వ్యసనం" అని రెండూ కలిపి ఒకే పద్దు. దాన్ని ఎత్తి "డ్రగ్స్ వల్ల ఇన్ని ఆత్మహత్యలు" అని రాసేస్తారు. అందులో మద్యం వాటా చెప్పరు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిపి అమ్మిన కేసులు ఎన్నో పట్టుకున్నారు. ఆ కల్లు తాగే మనిషిని "డ్రగ్స్ వాడతావా?" అని అడిగి చూడండి. "ఛీ, నేను కల్లు తప్ప ఏదీ ముట్టను" అంటాడు. అతను అబద్ధం చెప్పలేదు. మన ప్రశ్నే తప్పు.

వెనక వరుస తమ్ముళ్లకు ఒక మాట. మీకు ఫోనులో దొరికే సమాచారంలో అమ్మేవాడు పెట్టింది ఉంటుంది, "సహజమైనది, ఏమీ కాదు" అని. డీఅడిక్షన్ పేరుతో వ్యాపారం చేసేవాడు పెట్టింది ఉంటుంది, పది గుర్తుల పట్టికతో, కింద ఫోన్ నంబరుతో. ఇద్దరికీ మీ భయమో, మీ సరదానో పెట్టుబడి. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవండి.

టీచర్లకు, తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని భయపెట్టడానికైనా సరే అబద్ధం చెప్పకండి. ఒక్కసారి తాగితే చచ్చిపోతావని చెబుతాం. పక్కింటి కుర్రాడు తాగి, మర్నాడు క్రికెట్ ఆడటం మన పిల్లాడు చూస్తాడు. ఆ రోజు నుంచి మనం చెప్పే నిజం కూడా వాడికి అబద్ధమే. నిజంగా ప్రాణం తీసే సంగతి చెప్పాల్సిన రోజున వాడు మన దగ్గరికి రాడు, అమ్మేవాడిని అడుగుతాడు.

నాకు స్కూలు లైబ్రరీకి బీరువా కొనే స్తోమత ఉంది, ఈ స్వర్ణోత్సవానికి అది ఇస్తున్నాను. దానికన్నా ముఖ్యమైనది, బీరువా తలుపు మీద అంటించడానికి ఐదు ప్రశ్నలు రాసిచ్చాను. ఇది ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలిసింది, లెక్కపెట్టారా, విన్నారా? ఏ ఏడాదిది, ఏ చోటిది? ఇది సూచనా, రుజువా? చెప్పినవాళ్లకు దీనివల్ల లాభం ఏమిటి? మాదకద్రవ్యాలకే కాదు, ఏ సంగతికైనా సరిపోతాయి.

2016 నాటి పసుపు కాగితం మీ ఇంట్లో ఉంటే దయచేసి చింపేయండి. బయట బల్ల మీద కొత్త కాగితం ఉంది, తీసుకెళ్లండి. అందులో గుర్తుల పట్టిక లేదు, శాతాలు లేవు. "మీ బిడ్డలో మార్పు కనిపిస్తే ముందు కూర్చోబెట్టి మాట్లాడండి, తర్వాత డాక్టరుకి చూపించండి, ఏ జబ్బో డాక్టరునే తేల్చనివ్వండి" అని ఉంది. రెండు వారాలు మించిన దగ్గుంటే కఫం పరీక్ష చేయించండి అని కూడా ఉంది, అది ఎందుకుందో మీకిప్పుడు తెలుసు. కింద నాలుగు నంబర్లు. వ్యసనం గురించి సలహాకు 14446, మనసు బాగా లేకపోతే 14416, రవాణా, అమ్మకాల సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1972, దేశమంతటికీ 1933. ఈ నాలుగు నంబర్లూ అచ్చుకిచ్చే ముందు నేనే ఫోన్ చేసి చూశాను.

ఆ కొత్త కాగితం నేను రాసింది కాదు. రాసింది ఆ కుర్రాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్తే, "మీరు చెడు చెయ్యాలని రాయలేదు మావయ్యా, చూసుకోకుండా రాశారు" అన్నాడు. ఆ మాట నన్ను క్షమించిందో, తప్పు పట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. రాసి ఇవ్వమంటే రెండు నెలలు తీసుకున్నాడు. ప్రతి వాక్యానికీ ఇది ఎక్కడిది మావయ్యా అని నన్నే అడిగాడు. తెలుగు మేస్టారు ఉంటే సంతోషించేవారు.

వాడు వాళ్ల నాన్న పక్కనే, నాలుగో వరుసలో కూర్చున్నాడు. ఇందాక భోజనాల దగ్గర ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని తినడం చూశాను.